చెరకుకు కాటా ఉంది, వ్యర్థానికి ఏది?

చెరకు బండి కాటా ఎక్కిందంటే మన కళ్లన్నీ అంకెల మీదే ఉంటాయి. నిండు బండి ఎంత, ఖాళీ బండి ఎంత, తేడా ఎంత. ఆ తేడాలోంచి ఆకనీ, మట్టనీ, వేళ్లనీ కోత పెడితే ఒప్పుకోం. చీటీ చేతికి వచ్చేదాకా అక్కడినుంచి కదలం. అనకాపల్లి యార్డులో బెల్లం దిమ్మలు తూచేటప్పుడూ అంతే. తూకంలో మోసం ఎలా ఉంటుందో, దాని మీద ఎలా నిలదీయాలో రైతుకు ఎవరూ నేర్పక్కర్లేదు.

మరి అదే రోడ్డు మీద రాత్రి పూట టార్పాలిన్ కప్పుకొని ఫ్యాక్టరీల నుంచి వచ్చే లారీల మాటేమిటి? వాటిలో ఉన్నది ఏమిటి, ఎన్ని టన్నులు, ఎక్కడ దించుతున్నారు? గెడ్డలో వచ్చి కలిసే మురుగు కాలువ రోజుకు ఎంత మోస్తోంది? సర్పంచిని అడిగినా, మండలాఫీసులో అడిగినా చెప్పలేరు. మన సరుకుకు కిలోతో సహా లెక్క ఉంది. మన నెత్తిన పడే సరుకుకు లెక్క లేదు. ఈ నెల మేము మాట్లాడదలచుకున్నది ఈ ఒక్క విషయమే.

సీసా పట్టుకొని వెళ్లిన రోజు

కొన్నేళ్ల క్రితం మా దగ్గర ఒక ఊరి గెడ్డలో నీళ్లు రంగు మారాయి. ఒడ్డున నురగ కట్టింది. పశువులు మూతి పెట్టి వెనక్కి వచ్చేశాయి. పదిహేను మంది రైతులం ఆ నీళ్లు ఒక సీసాలో పట్టుకొని ఆఫీసుకు వెళ్లాం. అక్కడి అధికారి మర్యాదగానే మాట్లాడాడు. మూడు ప్రశ్నలు అడిగాడు. ఏ ఫ్యాక్టరీ నుంచి వచ్చింది? ఎంత వచ్చింది? ఎన్ని రోజుల నుంచి వస్తోంది? మాతో వచ్చిన ఒక పెద్దావిడ ముందుకు వచ్చి, "గేదె తాగనంటంది బాబూ, అంతకన్నా కొలత ఏటి కావాలి?" అంది. ఆ మాటకు అక్కడ ఎవరి దగ్గరా జవాబు లేదు. కానీ కాగితం మీద మాత్రం ఏమీ పడలేదు. సీసా పట్టుకొని తిరిగొచ్చాం.

చట్టం ఏం చెబుతోందో తర్వాత తెలుసుకున్నాం. 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టం 21వ సెక్షన్ ప్రకారం నమూనా తీయాల్సింది కాలుష్య నియంత్రణ మండలి అధికారి. యాజమాన్యానికి నోటీసు ఇవ్వాలి, నమూనాను రెండు భాగాలు చేయాలి, సీలు వేసి ల్యాబ్‌కు పంపాలి. కేసు నిలబడాలంటే ఆ పద్ధతి తప్పకూడదు. మనం సీసాలో పట్టుకెళ్లింది ఫిర్యాదుకు పనికొస్తుందే గాని, ఆ చట్టం కింద శిక్ష వేయించడానికి చాలదు. అధికారి కదిలి వచ్చేసరికి మూడు రోజులైతే గెడ్డ మామూలుగా పారుతూ ఉంటుంది.

దీన్నుంచి మేము నేర్చుకున్నది ఒకటే. గెడ్డ దగ్గర కొలత మొదలుపెడితే అప్పటికే ఆలస్యమైపోయినట్టు. వ్యర్థం పుట్టిన చోట, ఫ్యాక్టరీ లోపలే, కొలత జరగాలి. ఆ కొలత ఊరికి తెలియాలి.

మిల్లు నేర్పిన లెక్క

ఇదేదో ఇంజనీర్లకే తెలిసిన విద్య అని భయపడక్కర్లేదు. గోవాడ, తాండవ, ఏటికొప్పాక మిల్లులకు చెరకు తోలిన రైతులకు ఈ లెక్క ఎప్పుడో తెలుసు. వంద టన్నుల చెరకు ఆడితే పంచదార సుమారు పది టన్నులు. పిప్పి ముప్పై టన్నుల దాకా. మొలాసిస్ నాలుగైదు టన్నులు, ఫిల్టర్ మడ్డి మూడు నాలుగు టన్నులు. మిగిలిందంతా నీరు. పిప్పి బాయిలర్‌లో మండుతుంది, మొలాసిస్ డిస్టిలరీకి పోతుంది, మడ్డి మన పొలాలకు ఎరువుగా వస్తుంది. పెనం మీద బెల్లం వండేవాళ్లకూ ఇలాంటి లెక్కే ఉంది. టన్ను చెరకుకు క్వింటా బెల్లం రాకపోతే ఎక్కడ పోయిందో వెతుకుతారు.

ఏ ఫ్యాక్టరీకైనా సూత్రం ఇదే. గేటు లోపలికి వెళ్లినదంతా ఏదో ఒక రూపంలో బయటకు రావాల్సిందే. సరుకుగానో, ఆవిరిగానో, పొగగానో, మురుగు నీరుగానో, బురదగానో. లోపలికి ఎంత వెళ్లిందో తెలుసు, సరుకు ఎంత వచ్చిందో తెలుసు. మధ్య తేడా ఎక్కడుందో యాజమాన్యం చెప్పాలి.

మన చుట్టుపక్కల చూద్దాం. పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ కేంద్రంలో 500 మెగావాట్ల యూనిట్లు నాలుగు ఉన్నాయి. మన దేశపు బొగ్గులో బూడిద నూటికి 30 నుంచి 45 వంతుల దాకా ఉంటుంది. ఒక రేక్‌లో దాదాపు నాలుగు వేల టన్నుల బొగ్గు వస్తుంది. మూడో వంతే బూడిద అనుకున్నా, ఒక్క రేక్ మండితే పదమూడు వందల టన్నులు మిగులుతుంది. పది టన్నుల లారీలకు ఎత్తితే నూట ముప్పై ట్రిప్పులు. అది ఒక్క రేక్ లెక్క. రోజూ వచ్చే రేకులు ఎన్నో రైలు కట్ట పక్కన పశువులు మేపుకొనే పిల్లవాడు కూడా చెప్పగలడు.

ఉక్కు సంగతి చూడండి. బ్లాస్ట్ ఫర్నేస్ పద్ధతిలో టన్ను ఉక్కు చేస్తే స్లాగు, దుమ్ము, బురద కలిపి సుమారు 400 కిలోలు మిగులుతాయని ప్రపంచ ఉక్కు పరిశ్రమ సగటు లెక్క. మన విశాఖ ఉక్కు సామర్థ్యం ఏడాదికి 73 లక్షల టన్నులు. ఆ సగటుతో గుణిస్తే, పూర్తిగా నడిచిన ఏడాదిలో 29 లక్షల టన్నుల మిగులు.

అయితే ఇక్కడ ఇంకో పాఠం కూడా ఉంది. కొలిమి నుంచి వచ్చే స్లాగును నీటితో చల్లార్చి ఇసుకలా చేస్తే సిమెంటు కంపెనీలు డబ్బు పెట్టి కొంటాయి. అమ్మడం మొదలైన రోజు నుంచి స్లాగుకు కాటా వచ్చింది, రిజిస్టరు వచ్చింది. బూడిదదీ అదే కథ. బూడిద వాడకం మీద కేంద్రం తొలి నోటిఫికేషన్ ఇచ్చింది 1999లో. ఇరవై ఏళ్లకు పైగా గడువులు పొడిగిస్తూ వచ్చారు. 2021 డిసెంబర్ 31 నోటిఫికేషన్‌లో, వాడకుండా మిగిలిన ప్రతి టన్నుకూ వెయ్యి రూపాయల పరిహారం అని రాశారు. టన్నుకు ఇంత అన్నాక టన్నులు లెక్కపెట్టక తప్పదు. ధర ఉన్నదాన్ని, జరిమానా ఉన్నదాన్ని ఎవరైనా తూస్తారు. రెండూ లేనిది గెడ్డలోకి పోతుంది.

కొలవాల్సింది కొలిచారా?

పరవాడ దగ్గర రెండు వేల ఎకరాలకు పైగా విస్తీర్ణంలో ఫార్మా సిటీ ఉంది. మందుల తయారీలో వ్యర్థం లెక్క వేరు. రోజర్ షెల్డన్ అనే రసాయన శాస్త్రవేత్త 1992లో పరిశ్రమలవారీగా లెక్కకట్టాడు. చమురు శుద్ధిలో కిలో సరుకుకు వంద గ్రాముల లోపు వ్యర్థం. మందుల తయారీలో కిలో మందుకు 25 నుంచి 100 కిలోలు, కొన్నిట్లో అంతకన్నా ఎక్కువ. అదీ నీటిని లెక్కలోకి తీసుకోకుండానే. బయటకు వెళ్లే మందు డబ్బా చిన్నదే. వెనక మిగిలేది లారీ.

కొలుస్తున్నామని చెబితే సరిపోదు, ఏం కొలుస్తున్నారో అడగాలి. దీనికి పటాన్‌చెరు కన్నా పెద్ద ఉదాహరణ లేదు. అక్కడ సుమారు 90 మందుల ఫ్యాక్టరీల మురుగు ఒకే ఉమ్మడి శుద్ధి కేంద్రానికి చేరేది. 2007లో లార్సన్ అనే స్వీడన్ శాస్త్రవేత్త, ఆయన సహచరులు, శుద్ధి అయ్యాక బయటకు వచ్చిన నీటిని పరీక్షించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ దొరికింది. మనకు జ్వరమొస్తే, పుండు పడితే డాక్టరు రాసే మందే అది. ఒక్క రోజులో బయటకు పోతున్నది సుమారు 45 కిలోలు. స్వీడన్ దేశమంతా ఐదు రోజుల్లో వాడేంత.

అన్నేళ్లూ ఎవరూ ఎందుకు కనుక్కోలేదు? నీటిలో ఏం కొలవాలో రాసిన జాబితాలో మందు పేరు లేదు గనక. ఆమ్లం, ఉప్పు, సీఓడీ, బీఓడీ చూసేవారు. మందులు చేసే చోట మందును వెతకలేదు. అలాంటి నీళ్లలో బతికే సూక్ష్మక్రిములు మందుకు లొంగడం మానేస్తాయి. రేపు మన పిల్లలకు జబ్బు చేస్తే అదే మందు పనిచేయదు. 2020 జనవరిలో కేంద్రం తెచ్చిన ముసాయిదాలో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు పెట్టారు. 2021 ఆగస్టులో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో అవి లేవు. అంటే మన పరవాడ వైపు కూడా ఆ కొలత తప్పనిసరి కాదు.

ఎక్కడ కొలుస్తున్నారన్నది కూడా అంతే ముఖ్యం. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడింది. 12 మంది చనిపోయారు. గొడ్డూ గోదా నేలకూలాయి. స్టైరీన్ వ్యర్థం కాదు, సరుకే. కానీ ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చిన ఒక విషయం మనకు పనికొస్తుంది. ట్యాంకులో వేడి కొలిచే ఏర్పాటు అడుగున మాత్రమే ఉంది. నడుమ లేదు, పైన లేదు. చల్లబరిచే అడుగున కొలిచి అంతా బాగుందనుకున్నారు. పైన ఉడికిపోతోంది. కొలత ఉండి కూడా ప్రాణాలు కాపాడలేకపోవడం అంటే ఇదే.

ఒక అంకె చేసిన పని

కొలత వల్ల ఏమొస్తుంది, కాగితాలు నిండడం తప్ప అనేవాళ్లు మనలోనూ ఉన్నారు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని 88 పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేసింది. 70 దాటితే తీవ్ర కాలుష్య ప్రాంతం. విశాఖకు 70.82 వచ్చింది. పోర్టు దుమ్ము గురించి, కొలిమి పొగ గురించి, గెడ్డల గురించి దశాబ్దాలుగా జనం మొరపెట్టుకుంటూనే ఉన్నారు. ఎవరూ ఆగలేదు. ఆ అంకె వచ్చాక, 2010 జనవరిలో, అలాంటి ప్రాంతాల్లో కొత్త ప్రాజెక్టుల పర్యావరణ అనుమతులు నిలిపివేశారు. ఆ నిలుపుదల శాశ్వతం కాలేదన్నది వేరే విషయం. మొర వినని ప్రభుత్వం అంకె వింది. ఇది గుర్తుపెట్టుకోవాలి.

కాగితాలు ఉన్నాయి, అడగాలి

అడగందే అమ్మయినా పెట్టదంటారు. మనం అడగాల్సిన కాగితాలు కొత్తగా ఎవరూ పుట్టించక్కర్లేదు. చట్టంలో ఉన్నవే.

మొదటిది గేటు దగ్గర బోర్డు. 2003 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ప్రమాదకర రసాయనాలు, వ్యర్థాలతో పనిచేసే ఫ్యాక్టరీ ప్రధాన గేటు బయట బోర్డు పెట్టి, లోపల ఏ రసాయనాలున్నాయో, మురుగు నీరు, పొగ, ప్రమాదకర ఘన వ్యర్థం ఎంత వస్తున్నాయో రాయాలి. మీ ఊరి పక్క ఫ్యాక్టరీ గేటు దగ్గరకు రేపే వెళ్లి చూడండి. బోర్డు ఉందా? అంకెలు ఈ ఏడాదివేనా? తెలుగులో ఉన్నాయా? లేక సున్నం వెలిసిపోయినట్టు వెలిసిపోయాయా?

రెండోది ఫారం 5. కాలుష్య మండలి అనుమతి తీసుకున్న ప్రతి ఫ్యాక్టరీ ఏటా సెప్టెంబర్ 30లోగా మండలికి పర్యావరణ నివేదిక ఇవ్వాలి. అందులో ఒక్కో యూనిట్ సరుకుకు ఎంత నీరు, ఎంత ముడిసరుకు వాడారో, కిందటేడాదితో పోల్చి రాయాలి. ఎంత కాలుష్యం వదిలారు, ప్రమాదకర వ్యర్థం ఎంత, మామూలు ఘన వ్యర్థం ఎంత, అన్నీ ఉంటాయి. మిల్లు లెక్క తెలిసినవాళ్లకు ఈ కాగితం చదవడం కష్టం కాదు.

మూడోది ప్రమాదకర వ్యర్థాల రిజిస్టరు. 2016 నియమాల ప్రకారం రోజువారీ లెక్క ఫారం 3లో రాయాలి. ఏడాది లెక్క ఫారం 4లో జూన్ 30లోగా ఇవ్వాలి. లారీ బయటకు వెళ్తే ఫారం 10 మానిఫెస్టు ఉండాలి. దానికి ఏడు ప్రతులు. పంపినవారి దగ్గర, మోసినవారి దగ్గర, దించుకున్నవారి దగ్గర, మండలి దగ్గర తలా ఒకటి ఉంటాయి. మామూలుగా 90 రోజులకు మించి ఆవరణలో నిల్వ పెట్టుకోకూడదు. కాగితం లేకుండా రాత్రి పూట కదిలే లారీ దొంగ లారీ కిందే లెక్క.

ఈ అంకెలన్నీ ఫ్యాక్టరీ తనంతట తాను రాసుకునేవే కదా, దొంగకు తాళం చెవి ఇచ్చినట్టు కాదా అని మీరు అడగవచ్చు. నిజమే. అందుకే ఒక కాగితాన్ని ఇంకో కాగితంతో, కాగితాన్ని కంటితో సరిచూడాలి. ఫారం 5లో రాసిన నీటి వాడకానికీ, గేటులోకి వెళ్లే ట్యాంకర్లకూ పొంతన ఉందా? సరుకు రెట్టింపైతే వ్యర్థం అలాగే ఉందని రాశారా? అబద్ధం ఒక్క కాగితంలో దాగుతుంది, మూడు కాగితాల్లో దాగలేదు. సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజుల్లో ఇవ్వాలి. ఒక్కొక్కరూ తిరగడం కన్నా సంఘం తరఫున గ్రామాలవారీగా దరఖాస్తులు పెడదాం.

వేలెత్తి చూపే ముందు

మనం చేసేదీ వ్యాపారమే. పురుగుమందు డబ్బాలు గట్టు మీద పారేసేది మనమే. ఎకరాకు ఎన్ని డబ్బాలు ఖాళీ అయ్యాయో, ఎన్ని బస్తాల యూరియా చల్లితే ఎంత పైరుకు అందిందో మనమూ లెక్క రాయడం లేదు. సంఘం సభ్యులు ఈ పంట నుంచి ఒక పాత నోటు పుస్తకంలో ఈ లెక్క రాయడం మొదలుపెట్టాలని మేము కోరుతున్నాం. మన ఇంటి లెక్క మన దగ్గరుంటే ఎదుటివాడి లెక్క అడిగేటప్పుడు గొంతు గట్టిగా వస్తుంది. ఖర్చు కూడా తగ్గుతుంది.

ఫ్యాక్టరీలు వద్దంటున్నారా అని అడిగేవాళ్లకు ఒక మాట. విశాఖ ఉక్కు కోసం 1966లో 32 మంది ప్రాణాలిచ్చారు. మన రైతులు భూములిచ్చారు. 2021లో దాన్ని అమ్మేస్తామన్నప్పుడు వద్దని జెండా పట్టుకొని నిలబడిందీ మనమే. ఫ్యాక్టరీ ఉండాలి, మన పిల్లలకు పని ఉండాలి. కానీ ఆ పిల్లలే కాంట్రాక్టు కూలీలుగా ఆ బురదను చేతులతో ఎత్తుతున్నారు. అందులో ఏముందో వాళ్లకు ఎవరూ చెప్పడం లేదు. గెడ్డకు చేరే ముందు ఆ వ్యర్థం చేరేది మన బిడ్డల ఊపిరితిత్తులకు. కొలవమని అడగడం ఫ్యాక్టరీకి శత్రుత్వం కాదు. కొలిచిన ఫ్యాక్టరీకి తన ముడిసరుకు ఎక్కడ కారిపోతోందో కూడా తెలుస్తుంది.

మా డిమాండ్లు ఇవి. ప్రతి ఫ్యాక్టరీ గేటు దగ్గర తెలుగులో బోర్డు పెట్టి నెలనెలా అంకెలు మార్చాలి. ఫారం 5, ఫారం 4 ప్రతులు పంచాయతీకి ఇచ్చి గ్రామసభలో చదివించాలి. వ్యర్థం మోసే ప్రతి లారీ కాటా ఎక్కాలి, చీటీ తీసుకోవాలి. నమూనాలు తీసేటప్పుడు ఊరివాళ్లు ఇద్దరు పక్కన ఉండాలి. మందులు చేసే చోట మందును కొలవాలి. వ్యర్థం ఎత్తే కార్మికుడికి అది ఏమిటో ముందు చెప్పాలి.

మన వంతుగా ప్రతి ఊరి శాఖ ముగ్గురిని ఎంచుకోవాలి. వారిలో ఒకరు మహిళ అయి ఉండాలి, ఎందుకంటే గెడ్డ నీళ్లు రంగు మారితే ముందు చూసేది వాళ్లే. తేదీ, వేళ, చోటు, గాలి ఎటు వీస్తోంది, లారీ నంబరు, ఫోనులో ఫొటో. ఇంతే రాయండి. మూడు నెలలు ఆపకుండా రాయండి. ఈసారి ఆఫీసుకు వెళ్లేటప్పుడు ఆ పుస్తకాలు, ఫారాలు పట్టుకొని వెళదాం.

ఆ పెద్దావిడ కూడా వస్తానంది. గేదె సంగతి ఆవిడ చెబుతుంది. ఎంత, ఎప్పుడు, ఎక్కడినుంచి అన్న మూడు ప్రశ్నలకు జవాబు మనం చెబుదాం.